ఎలుక కాళ్ళు

పిల్లలకు బొమ్మలు గీయడం ఎలా నేర్పాలో జలజకు ట్రైనింగు పుస్తకం చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు సగం చెప్పాడు. మిగతా సగం ఆరేళ్ళ పిల్ల చెప్పింది. ఆ పిల్ల మాట ముందే చెవికెక్కి ఉంటే ఎన్ని కొంపలు నిలబడేవో! ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య.

బాగేపల్లికి నాలుగు మైళ్ళ దూరాన ముద్దలపల్లి అని ఒక ఊరు. 1937లో అక్కడి ఆడపిల్లల బడికి జలజ టీచరుగా వచ్చింది. చింతామణిలో అర్చకుల ఇంటి పిల్ల, ఇరవై ఏళ్ళది. బడి ఊరి బయట, రాతి బండలు పరిచిన కప్పు. ఆ పక్కనే చిన్న గది, అందులోనే ఆమె మడి వంట, ఆమె ఒంటరి కాపురం. రైతుల ఇళ్ళ గడప తొక్కనని తల్లికి మాట ఇచ్చి వచ్చింది. అందుకని ఊళ్ళోకి ఆమె వెళ్ళేది కాదు. పొద్దున్నే పద్దెనిమిది మంది ఆడపిల్లలు పలకలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు, ఆమెకు తెలిసిన ఊరు అంతే.

బొమ్మల పాఠమంటే ట్రైనింగులో చెప్పింది ఒకటే: నల్లబల్ల మీద వంకాయ గీయి, చూసి గీయమను. జలజ అట్లాగే చేసింది. దసరా సెలవులు అయ్యాక ఇన్‌స్పెక్టరు వచ్చి పద్దెనిమిది పలకల మీదా పద్దెనిమిది వంకాయలు చూసి నవ్వాడు.

"ఏమమ్మా, ఇవన్నీ నీ వంకాయలే. ఈ పిల్లోళ్ళది ఒకటన్నా ఉండాదా? వాళ్ళు కండ్లతో చూసింది గీయనీ. రెండు నెలలకు మళ్ళా వస్తా."

ఉద్యోగం ఖాయం కావడం ఆయన రాయబోయే నాలుగు ముక్కల మీద ఉంది.  మర్నాడు నల్లబల్ల తుడిచేసి, "ఈ పొద్దు వంకాయ లేదు. మీ ఇంట్లో మీరు కండ్లతో చూసింది గీయండి" అంది.

వారం రోజులు ఆవులు, రోళ్ళు, చేటలు, కోపంగా ఉన్న నాయనలు వచ్చాయి. జలజకు ప్రాణం లేచి వచ్చింది. ఆ తరవాతే మొదలైంది.

చిక్కమ్మ అని ఆరేళ్ళ పిల్ల, రామలక్ష్మమ్మ అనే రైతు ఇల్లాలి కూతురు. ఒక చేత్తో చీమిడి తుడుచుకుంటూ, ఇంకో చేత్తో బలపం నొక్కి నొక్కి గీసేది. ఒక రోజు పొడుగు తోక, గుండ్రటి పొట్ట గీసింది. కాళ్ళు నాలుగూ పైకి పెట్టింది.

"ఇదేమే?"

"ఎలకమ్మా."

"ఎలక కాళ్ళు ఆకాశంలో ఉంటాయా? నేల యాడుండాది?"

జలజ బొటనవేలు తడి చేసుకుని ఆ కాళ్ళు చెరిపేసింది. కింద ఒక గీత గీసి, దాని మీద కాళ్ళు నాలుగూ ఆనించింది. "ఇట్ల. ఇప్పుడు చూడు, చక్కగా నడుస్తాది."

"ఇది నడవదమ్మా" అంది చిక్కమ్మ. అని, గబుక్కున అరచేత్తో నోరు మూసుకుంది.

గదిలో గుసగుసలన్నీ ఆగిపోయాయి. పద్దెనిమిది మంది ఆడపిల్లలు ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఏదో ఉందని గొడ్లకాపరికైనా తెలుస్తుంది. జలజకు మాత్రం తన పాఠం బాగా వింటున్నారనిపించింది!

మర్నాడు ఐదు పలకల మీద ఎలుకలు. కాళ్ళు పైకే. ఇంకో నాలుగు రోజులకు పదకొండు. గాదె పక్కన ఎలుక, పొయ్యి ముందర ఎలుక, గడప మీద రెండు. ఒక పిల్ల ఎలుక పక్కన పిల్లిని కూడా గీసింది. ఆ పిల్లి మొహం అటు తిప్పుకుని ఉంది. చిక్కమ్మను చూసి మిగతావాళ్ళు కాపీ కొడుతున్నారని జలజకు ఒళ్ళు మండింది. విసుక్కుంటూనే ఓపికగా ఒక్కో పలకా తీసుకుని కాళ్ళు చెరిపి కిందికి దిద్దింది. పిల్లలు బుద్ధిమంతులు, నేర్చుకున్నారు. పది రోజులు తిరిగేసరికి ఒక్క ఎలుకా వెల్లకిలా లేదు, అన్నీ గీత మీద కుదురుగా నిలబడ్డాయి. నేర్పడం తన చేతికి వచ్చేసిందని ఆమె మురిసిపోయింది.

ఆ మురిపెంలోనే, బడికి వచ్చిన ఊరి పెద్ద, పటేలు మునికృష్ణప్పకు పలకలు చూపించింది. ఆయన మొదటి పలక చూసి నవ్వాడు, రెండోది చూసి నవ్వు ఆపాడు. మూడోది చిక్కమ్మది. భుజం మీది కండువాతో దాన్ని అక్కడికక్కడే తుడిచేశాడు.

"ఎలకలు ఎందుకమ్మా? పువ్వులు గీయించు. కోతలయ్యేదాకా పువ్వులు గీస్తాండనీ."

ఆయన పిల్లల వైపు చూశాడు. పిల్లలు తలలు వంచుకున్నారు. బొమ్మలకూ కోతలకూ ఏం సంబంధమో జలజ అడగలేదు. పెద్దమనిషి, పువ్వులంటే ఇష్టమేమో అనుకుని పిల్లలను పువ్వులే గీయమంది. ఎంత అమాయకురాలో చూడండి!

తరవాతి సోమవారం బడికి పన్నెండు మందే వచ్చారు. మిగతావాళ్ళు ఏరంటే "చేనికి పోయినారు" అన్నారు అందరూ ఒకే గొంతుతో. చిక్కమ్మ పూలు గీయలేదు. ఇల్లు గీసింది, తలుపు గీసింది, లోపల ఒక మనిషిని అడ్డంగా పడుకోబెట్టింది. జలజ నోరు తెరవకముందే పిల్ల ఉలిక్కిపడి బొటనవేలు నాలిక మీద అద్దుకుంది.

"తప్పయిపోయిందమ్మా. పండుకోబెట్టినా. ఇప్పుడు నిలబెడతా."

గబగబా చెరిపి, కాళ్ళు నేలకు ఆనించింది.

"ఎవురే అది?"

"మా అవ్వ."

"అవ్వ ఎందుకు పండుకోనుండాది?"

పిల్ల తలుపు వైపు చూసింది.  మెల్లగా చెయ్యి పైకెత్తి, చంకలో వేలు పెట్టి చూపించింది.

చింతామణిలో పుట్టిన వాళ్ళకు ఆ సైగ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు జలజ కూడా ఎలుకలు చచ్చి పడ్డాయని ఇల్లు వదిలి, ఊరి బయట గుడిసెలో రెండు నెలలు ఉన్నదే. ముందు ఎలుకలు పడతాయి, తరవాత మనుషులకు చంకలో గడ్డ లేస్తుంది. ప్లేగు. తను దిద్దిన ఎలుకలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు వెల్లకిలా తిరిగాయి. "అయ్యో నా తల్లీ, ఎంత పని చేసినాను" అని పైకే అనేసింది.

తల్లికిచ్చిన మాట గుర్తుకే రాలేదు. మొదటిసారి ఊళ్ళోకి పరుగెత్తి, చిక్కమ్మ ఇంటి గడప దాటింది. ముసలమ్మ అప్పటికే చల్లబడి ఉంది. రామలక్ష్మమ్మ వచ్చి కాళ్ళ మీద పడింది.

"చెప్పగాకమ్మా. సర్కారోళ్ళకు తెలిస్తే ఊరు ఖాళీ చేయిస్తారు. రాగి చేలో నిలబడుండాది. కోతలయ్యేదాకా ఎవురూ నోరెత్తగూడదని పటేలప్ప ఒట్టేయించినాడు. ఎలకల మాటెత్తితే నాలిక కోస్తామని పిల్లోళ్ళకు కూడా చెప్పుండాము."

పిల్లలు ఒట్టు తప్పలేదు. ఒక్కరూ నాలుకతో చెప్పలేదు. చేత్తో చెప్పారు, రెండు వారాలు రోజూ చెప్పారు. చెప్పిందాన్ని రోజూ వేలు తడి చేసుకుని చెరిపింది జలజే.

మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగు మైళ్ళు నడిచి బాగేపల్లిలో తాలూకా అధికారి అమల్దారు కచేరీలో చెప్పింది. మర్నాడు డాక్టరు వచ్చి అందరికీ సూదులు వేశాడు. మూడో రోజుకు ఊరు ఖాళీ, చేలల్లో గుడిసెలు లేచాయి. రాగి ఆ గుడిసెల్లో ఉండే కోసుకున్నారు, ఒక్క వెన్నూ నష్టపోలేదు. దీనికా ఇంత దాపరికం! సూది మాత్రం కొందరికి ఆలస్యమైంది. చిక్కమ్మకు అప్పటికే జ్వరం.

జలజ పలకా బలపం తీసుకుని గుడిసెకు వెళ్ళింది. చాప మీద పిల్ల కాలిపోతోంది. టీచరును చూసి పెదాలు కదిపింది.

"నన్ను గీయమ్మా."

జలజ గీసింది. రెండు జడలు, చేతిలో బలపం, నేల మీద గట్టిగా ఆనిన రెండు పాదాలు. పలక పిల్ల కళ్ళ ముందు పట్టుకుంది. చిక్కమ్మ చాలాసేపు చూసింది.

"తప్పమ్మా."

"యాడే?"

"కాళ్ళు. నేను పండుకోనుండా గదా. కండ్లతో చూసింది గీయమంటివే."

జలజ నోట్లో తడి లేదు. చెంబులో వేలు ముంచి ఆ పాదాలు చెరిపింది. ఏడుస్తూ, పడుకున్న పిల్లను పడుకున్నట్టే గీసింది.

"ఇప్పుడు సరిగ్గా ఉండాది" అంది చిక్కమ్మ.

సాయంత్రానికి పిల్ల పోయింది. ఆ పలకను జలజ మళ్ళీ తుడవలేదు.