నూకరత్నం తోమిన పళ్ళు

ఇది పెద్ద వరదకు మరుసటి ఏడు జరిగింది. ఏ పెద్ద వరద అంటే, గోదావరి లంకల్లో అరటిచెట్ల తలలు మాత్రమే కనిపించిన వరద. నేను ఒక కట్టుడు పళ్ళ సెట్టును. సంవత్సరాల అంకెలు నాకు తెలియవు. మా సరంగు గారు ఏళ్ళను వరదలతోనే చెబుతారు. ఆయన నోట్లో ఉంటున్నదాన్ని కాబట్టి నాకూ అదే వాడుక.

నేను పుట్టింది అంతకు ముందు వరదకు. రాజమండ్రిలో ఒక మేడ మీది గదిలో, పళ్ళు కట్టే ఆయన నన్ను గులాబీ రంగు ముద్దలో గుచ్చి, ఉడకబెట్టి, ఆకురాయితో అరగదీసి తయారు చేశాడు. కిటికీ దగ్గర నా పక్కన ఇంకా కొన్ని సెట్లు ఆరుతుండేవి. అన్నీ నవ్వుతూనే ఉండేవి. మాకు ఇంకో ముఖం పెట్టడం రాదు. మనిషి ఏడుస్తున్నా లోపల మేం నవ్వుతూనే ఉంటాం. తప్పుగా అనుకోకండి.

నన్ను కట్టించుకున్నది కొల్లాటి గోవిందు గారు. గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. బడికి వెళ్ళింది మూడేళ్ళు. మాటలు కూడా ఆ మూడేళ్ళలోనే వాడేసుకున్నట్టున్నారు. పళ్ళు కట్టే ఆయన అద్దం చూపించి "ఎలా ఉన్నాయండీ?" అని అడిగితే, చూసుకుని "ఊ" అన్నారు. నన్ను పెట్టుకుని ఆయన అన్న మొదటి మాట అదే. "ఊ" అనడానికి పళ్ళతో పనిలేదు. ఈ ఉద్యోగంలో తీరిక ఎక్కువని నాకు అప్పుడే అర్థమైంది.

చేప తినేటప్పుడు మాత్రం నన్ను తీసి చొక్కా జేబులో బీడీకట్ట పక్కన పెట్టేవారు. ముల్లు ఎక్కడుందో చిగుళ్ళకు తెలిసినట్టు నాకు తెలియదని ఆయన నమ్మకం. పళ్ళ సెట్టుకు ఇంతకన్నా అవమానం ఉండదు. అయినా నేనేమీ అనలేదు. ఆ మర్యాద ఆయన దగ్గర నేర్చుకున్నదే.

తర్వాత ఒకరోజు రేవులో జారిపడి తుంటి విరిగింది. ఒంటి మనిషి. ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళు లేరు. కాలవ గట్టు మీద ముసలివాళ్ళను చూసుకునే హోము ఉంటే అందులో చేరారు. జేబులో నేనూ చేరాను.

అది ఒక పొడుగాటి హాలు. ఇటు మగవాళ్ళ మంచాలు, అటు ఆడవాళ్ళ మంచాలు, మధ్యలో పచ్చ కర్టెను. పగలు కర్టెను తీసి ఉంచేవారు. సరిగ్గా మా ఎదుటి మంచం రుక్మాయమ్మ గారిది. టెలిఫోను ఆఫీసులో లైన్లు కలిపి రిటైరైన మనిషి. ఇప్పుడు కలపడానికి లైన్లు లేవు కాబట్టి, ఎవరు మాట్లాడుకుంటున్నా తనే వెళ్ళి కలిసేవారు. ఆవిడ సెట్టులో ముందు పన్ను ఒకదానికి బంగారు తొడుగు ఉంది. ఆ సెట్టును చూస్తే నాకు జాలి. పొద్దున్న గ్లాసులోంచి తీసింది మొదలు మళ్ళీ గ్లాసులో పడేదాకా దానికి నడుం వాల్చే వీలుండేది కాదు.

అక్కడికి కొత్తగా పనిలోకి వచ్చింది నూకరత్నం. నలభై దాటిన మనిషి. అంతకు ముందు మెయిన్ రోడ్డు మీద ఒక హోటల్లో గిన్నెలు తోమేది. ఇక్కడ పని వేరు. లేవలేనివాళ్ళను పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పాలి. వీపుకు పౌడరు అద్దాలి. తడిబట్టతో ఒళ్ళు తుడవాలి. డైపరు మార్చాలి. జావ తాగించాలి, గోళ్ళు తీయాలి, గడ్డం గీయాలి. మొదటిరోజు మా సరంగు గారిని అన్నం గుండిగ వంచినట్టు ఒక్క ఊపున తిప్పేసింది. ఆయన "ఊ" అన్నారు. ఆ ఊలో నొప్పి ఉందని ఆమె కనిపెట్టింది. మర్నాటి నుంచి ఆమె చెయ్యి ఆయన తుంటి మీద పడిందో లేదో నాకే తెలిసేది కాదు.

అందరికీ పెద్ద దయామణి సిస్టరు. మంచావిడే. కానీ ముఖంలో నవ్వు కనపడనివ్వదు.

"నూకరత్నం, నీ మనసు మంచిదేగానీ నీ చేతికే తొందర ఎక్కువ" అని ఒకరోజు మా మంచం దగ్గరే నిలబెట్టి చెప్పింది. "షుగరున్నాయనకి జిలేబీ పెట్టావు. అడిగారు కదా అని పెట్టానన్నావు. ఊరుకున్నాను. ఇంకొక్క తప్పు జరిగిందంటే నీ హోటలుకి నువ్వు వెళ్ళిపోవడమే. ముందే చెబుతున్నా."

సిస్టరు వెళ్ళాక నూకరత్నం సరంగు గారి గడ్డానికి సబ్బు రాస్తూ అంది. "హోటల్లో పదేళ్ళు సేసేనండి. ఓనరు గారికి నా పేరే తెలీదండి. కిటికీలోంచి ఎంగిలి గిన్నెలు ఇటు పడేత్తారు, కడిగినియ్యి అటు తీసుకుంటారు. నా సేతులు తప్ప మొకం ఎవరూ సూళ్ళేదండి. ఇక్కడ పొద్దున్న లేత్తానే నూకరత్నం ఏదీ, నూకరత్నం ఏదీ అని అందరూ నాకోసవే ఎతుకుతారు. ఇక్కణ్ణించి పంపేత్తే నేను ఉండలేనండి బాబూ."

సరంగు గారు "ఊ" అన్నారు. నేను విన్న ఊలన్నిట్లోకీ అది పొడుగుది.

ఆ వారంలోనే ఒక దాత గారు వాళ్ళ అమ్మ పేరు మీద హోముకు గారెలు పంపిస్తున్నానని కబురు చేశారు. అందరూ తింటున్న ఫొటోలు తీసి తనకు పంపాలి. అందరూ నవ్వుతూ ఉండాలి. మనుషులు పుణ్యం కూడా కళ్ళారా చూసుకుంటే గానీ నమ్మరు.

ఫొటో అనేసరికి నూకరత్నానికి మా మీద దృష్టి పడింది. తెల్లారగానే మంచాల పక్క గ్లాసులన్నీ పళ్ళెంలో పెట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. ఎనిమిది గ్లాసులు, ఎనిమిది సెట్లు. అన్నిటినీ ఒకే స్టీలు బేసిన్లో గుమ్మరించి, వేడినీళ్ళు పోసి, సబ్బు వేసి, పీచు పట్టుకుంది. హోటల్లో గ్లాసు ఎవరిదని ఎవరూ అడగరు కదా.

మేమంతా ఒకచోట చేరడం అదే మొదటిసారి. ఎప్పుడూ ఎదురు నోళ్ళలోంచి దూరంగా చూసుకోవడమే. రుక్మాయమ్మ గారి సెట్టు నా పక్కకు ఒరిగి, సబ్బు నీళ్ళలో కదలకుండా పడుకుంది. నేను లేపలేదు.

తోమడమంటే అలా తోమాలి. మూలమూలలా తోమి, కడిగి, ఆరబెట్టి, మమ్మల్ని తువ్వాలు మీద వరసగా పేర్చింది. కొత్తపెళ్ళి సామానులా మెరిసిపోతున్నాం. నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసుకుని మురిసిపోయింది. తర్వాత ఖాళీ గ్లాసుల వంక చూసింది. మళ్ళీ మా వంక చూసింది.

"నా తల్లో!" అంది.

కాసేపు నెత్తి పట్టుకుని కూర్చుని, తర్వాత ముఖాలు గుర్తు తెచ్చుకుని పంచడం మొదలుపెట్టింది. బుగ్గలున్నవాళ్ళకు పెద్దవి, దవడలు లోపలికి పోయినవాళ్ళకు చిన్నవి. బంగారు పన్ను దగ్గర ఆగింది. రుక్మాయమ్మ గారి నోరు ఒక్క క్షణం నిలబడితే కదా ఏ పన్ను ఏ రంగో తెలియడానికి! ఇక మా సరంగు గారి నోరు తెరుచుకున్నదే లేదు. లోపల బంగారం ఉందో ఇనుము ఉందో ఎవరు చూశారు? లాంచీ మీద తిరిగిన మనిషి, ఉంటే ఆయనకే ఉంటుందనుకుంది. అలా అది ఆయన గ్లాసులోకి, నేను రుక్మాయమ్మ గారి గ్లాసులోకి వెళ్ళాం.

ఆవిడ నన్ను పెట్టుకుని ఒక్కసారి కొరికి చూశారు. "ఇవి నావి కావే నూకరత్నం! నోట్లో ఎవరో కొత్తవాళ్ళు అద్దెకు దిగినట్టుందే!"

నూకరత్నం ఆవిడ కాళ్ళు పట్టేసుకుంది. "అరవకండమ్మగారూ! అన్నీ ఒకదాన్లో ఏసి తోమేసేనండి. సిస్టరు గారికి తెలిత్తే ఈ పూటే పంపేత్తారండి."

"నేనెవరికి చెబుతానే? ఊరందరి మాటలూ ఈ చెవుల్లోంచే వెళ్ళాయి. ఒక్కటైనా బయటికొచ్చిందా?"

కాఫీలు పూర్తయ్యేలోగా హాల్లో అందరికీ చెప్పేశారు. నేనే సాక్షిని. నన్నే ఆడించి చెప్పారు. గోవిందు గారి దగ్గర ఇన్నేళ్ళలో పడని కష్టం ఆ ఒక్క పూటలో పడ్డాను. పై వరసా కింది వరసా ఒకటే నొప్పి. ఎదురుగా మా సరంగు గారు నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. అయినా లోపల ఆవిడ సెట్టు అలవాటు కొద్దీ టకటకమంటూనే ఉంది.

అప్పటికప్పుడు మార్చేసుకుంటే అయిపోయేది. కానీ అంతలోనే వచ్చిన దయామణి సిస్టరు ఫొటోల కోసం ఆ పూటంతా హాలు వదల్లేదు. ఆవిడ వెళ్ళేదాకా ఎవరూ నోరు విప్పకూడదని మంచం మంచానికీ మాట అందింది. అందించింది రుక్మాయమ్మ గారే.

గారెలు వచ్చాయి, అల్లంపచ్చడితో. పైన కరకరలాడే గారెలు.

"నవ్వాలి, కొరకాలి, ఇటు చూడాలి!" అంటూ సిస్టరు ఫోను ఎత్తింది.

ఒకాయన పై పళ్ళు గారెలోనే ఉండిపోయాయి. ఒకావిడ నవ్వబోయి ఈల వేసింది. మిగతావాళ్ళు గారెను పెదవులకు ఆనించి పిల్లనగ్రోవి వాయిస్తున్నట్టు కూర్చున్నారు. సరంగు గారు కొరికారు. కొరకాలంటే పెదవులు తెరవాలి కదా. సిస్టరు ఫొటో తీసి, చూసుకుని, వేళ్ళతో పెద్దది చేసి, కళ్ళద్దాలు సర్దుకుంది.

"గోవిందు గారూ, ఈ బంగారం పన్ను ఎవరిది?"

పచ్చడి గిన్నె పట్టుకున్న నూకరత్నం ఉన్నచోటే ఆగిపోయింది. ఆమె ఉద్యోగం ఇప్పుడు మాట్లాడని మనిషి నోట్లో ఉంది.

"నాదే" అన్నారు సరంగు గారు.

"మీదా? ఎప్పట్నుంచి?"

"లాంచీ నాటి నించి."

"ఇన్నాళ్ళూ నేను చూడలేదే?"

"నోరు తెరవలేదు."

సిస్టరు ఎదుటి మంచం వైపు తిరిగింది. "మరి రుక్మాయమ్మ గారూ, మీ బంగారప్పన్ను ఏమైంది?"

ఆవిడకు మొదటిసారి మాట దొరకలేదు. నేను నోట్లోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, నాలుక రెండుసార్లు వెతుక్కుంది.

"అరిగిపోయిందమ్మా" అన్నారు చివరికి. "మాట్లాడీ మాట్లాడీ."

అక్కడితో ఆగినా బాగుండేది. నూకరత్నం తరఫున ఇంకో మాట వేద్దామని మా సరంగు గారు నోరు పెద్దగా తెరిచారు. అలవాటు లేని పని. బంగారు పన్నుతో సహా సెట్టంతా ఎగిరి పచ్చడిలో పడింది.

దయామణి సిస్టరు చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. భుజాలు ఊగుతున్నాయి. కోపమనుకున్నారు అందరూ. నవ్వేటప్పుడు నోటికి అలా గట్టిగా చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు ఎందుకు పెట్టుకుంటారో మా జాతికి తెలుసు. నేను చెప్పను.

నూకరత్నం గిన్నె కింద పెట్టింది. "నేనేనండి. అన్నీ ఒక్క బేసిన్లో ఏసి తోమేసేనండి. ఆయన్నేం అనకండి. ఆయన నాకోసం అబద్దం ఆడేరు. నే పోతానండి."

"ఎక్కడికి?"

"హోటలుకండి."

"ముందు ఆ పచ్చడిలోంచి పళ్ళు తియ్యి" అంది సిస్టరు, ఇటు తిరక్కుండానే. "ఎవరివి వాళ్ళకు చేర్చు. సంగతేంటో రేపు పొద్దున్న చూస్తాను."

మధ్యాహ్నమంతా మేం నోరు నోరూ తిరిగాం. సరిపోనిదాన్ని కడగడం, పక్కవాళ్ళకు ఇవ్వడం. చివరికి నా గూటికి నేను చేరాను. లోపల ఎంత చల్లగా ఉందో! ఒక్క మాట లేదు.

మర్నాడు పొద్దున్న నూకరత్నం పళ్ళెం పట్టుకుని వచ్చింది. గుమ్మంలో దయామణి సిస్టరు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నూకరత్నం ఏ గ్లాసునూ ముట్టుకోలేదు. మా మంచం దగ్గరికొచ్చి నేల చూపులు చూస్తూ, "ఇయ్యాల్టి నించి మీరే కడుక్కుంటారాండీ?" అంది.

దీనికి సరంగు గారు రోజూలాగే "ఊ" అంటే, గుమ్మంలో వింటున్న సిస్టరు లెక్కలో ఆమె ఉద్యోగం పోయినట్టే. నేను గ్లాసులోంచి చూస్తున్నాను. నీళ్ళలోంచి ఆయన ముఖం పెద్దగా కనిపిస్తోంది.

ఆయన ఊ అనలేదు. మంచం పట్టీ పట్టుకుని, మోచెయ్యి ఊతంతో లేచి, గ్లాసులో వేళ్ళు పెట్టి నన్ను తనే తీశారు. తీసి ఆమె అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు నా మీదికి మూశారు.

"నువ్వే తోము, నూకరత్నం" అన్నారు.

పళ్ళు లేని నోటిలోంచి సగం గాలే వచ్చింది. కానీ ఆ పేరు మాత్రం గుమ్మం దాకా వినిపించింది.