కురియా పాటలో కోడి

కెన్యా పాస్టరు కారు ఆత్మకూరు దాటింది. ఉదయగిరి చర్చిలో క్వయర్ లీడర్ ఎస్తేరమ్మ గుమ్మానికీ లోపలికీ తిరుగుతోంది. స్వాగతగీతం ఆయన సొంత భాష కురియాలో పాడతామని ఆమే మాటిచ్చింది. తేడా వస్తే ఎప్పుడూ పోటీపడే ఆత్మకూరు క్వయర్ ముందు పరువు పోతుంది.

కురియాను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. కానీ గొంతు ఎక్కడ లేపాలో ఆ రాతలో ఉండదు. ఆ చోటు మారితే అర్థమే మారిపోవచ్చు. అందుకే పాస్టరు పాటను వాయిస్ మెసేజ్‌గా పంపాడు.

"వినపడిందంతా అట్నే పాడాల. ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను" అని ఎస్తేరమ్మ నెలరోజులు అందరినీ తోమింది.

పాస్టరు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పాట మొదలైంది. రెండో చరణం చివర క్వయర్‌లోని ఇరవైమందీ ఒక్కసారిగా తుమ్మారు. తర్వాత "ష్షూ, ష్షూ" అన్నారు. శీనయ్య ఒక్కడే "కొక్కొక్కో" అన్నాడు.

పాస్టరు పొట్ట పట్టుకుని నవ్వి, ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. పక్కనే నిలబడిన దుబాసీ దయాసాగర్ మైకులో తెలుగు చేశాడు. "పాట రికార్డు చేసేటప్పుడు తుమ్మింది ఆయనేనంట. తోలింది వాళ్లింట్లో దూరిన కోడినంట."

"నెలరోజులు నన్ను కోడిని చేస్తివి కదమ్మా!" అన్నాడు శీనయ్య.

"నోర్ముయ్‌రా!" అంది ఎస్తేరమ్మ, చెమట తుడుచుకుంటూ.

"మిగతాదంతా అచ్చం వాళ్లమ్మ పాడినట్టే ఉండాదంట" అన్నాడు దయాసాగర్.

ఎస్తేరమ్మకు ప్రాణం లేచొచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికి పాస్టరు మైకు అందుకుని, గట్టిగా తుమ్మాడు.

క్వయరంతా ఠక్కున "ష్షూ, ష్షూ" అంది.