మూడేళ్లుగా మారని నీళ్లు

ఫిల్మ్ నగర్ కొండ మీదున్న ఆ స్టూడియో కంపెనీలో పర్యావరణ నివేదిక రాసే పనికి స్ఫూర్తి ఈ ఏడే చేరింది. నీటి పేజీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. మూడేళ్లుగా ఏడాది వాడకం సరిగ్గా పన్నెండు లక్షల లీటర్లు. ఒక్క లీటరు తేడా లేదు.

మేనేజర్ రవిచంద్రను అడిగితే పోయినేటి నివేదిక చూడమన్నాడు. పోయినేటిది అంతకుముందు ఏటి నుంచి దించింది. మొదట ఆ అంకె రాసినాయన ఉద్యోగం మానేశాడు. ఆఫీసు వాళ్లు ప్రొడక్షన్ వాళ్లని అడగమన్నారు. ప్రొడక్షన్ వాళ్లు షూటింగుకు వాన కురిపించే సెట్టింగు వాళ్లని చూపించారు. వాళ్లు ఫోనే ఎత్తలేదు.

నాలుగో రోజు విసిగిపోయి గేటు దగ్గరికెళ్లింది. అక్కడ వచ్చే పోయే ప్రతి బండినీ కాపలాదారు ఆదినారాయణ రిజిస్టర్లో రాస్తాడు. మొన్నటి వాన పాటకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయని అడిగింది.

"రోజుకు నలభై, మేడం. ఆరు రోజులు తీసిన్రు. ఇన్నేండ్ల నుంచి రాస్తున్న, గిదేందని ఒక్కలు అడగలే."

పదివేల లీటర్ల ట్యాంకర్లు. ఒక్క పాటకే ఇరవై నాలుగు లక్షల లీటర్లు. రిజిస్టరంతా తిరగేస్తే ఏడాది వాడకం కోటి దాటింది.

ఆ నీళ్లు నిర్మాతలు తెప్పించుకున్నవి, మనవి కావన్నాడు రవిచంద్ర. మన ఆవరణలోనే పారాయి కదా అంది స్ఫూర్తి.

"చూడమ్మా, దీన్ని ఎవరూ చదవరు. ఛైర్మన్ గారికి అట్ట బావుంటే చాలు."

అదీ నిజమే. ఛైర్మన్ సూర్యప్రకాశరావు ఆమెను మూడుసార్లు పిలిపించి, మూడుసార్లూ అట్ట మీది ఆకుపచ్చ రంగు గురించే మాట్లాడాడు. ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చివరికి రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టి బోర్డుకు పంపేసింది.

జూబ్లీ హిల్స్ ఆఫీసులో మీటింగు జరిగింది. కంపెనీతో సంబంధం లేకుండా బోర్డులో ఉన్న రిటైర్డ్ ఇంజినీరు రమామణి ఒక్కరే ఆ పేజీ చదివారు. ఏది నిజమని అడిగారు. గేటు రిజిస్టర్ లెక్కే నిజమంది స్ఫూర్తి.

"అయితే ఆ పాత అంకె కొట్టెయ్యండి. అది ఉంటే నేను ఒప్పుకోను."

ఛైర్మన్ సరేనన్నాడు.

నిజమైన అంకె ఎనభై మూడో పేజీలో చిన్న అక్షరాల్లో అచ్చయింది. రవిచంద్ర ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఇకపై నీటికి మీటరు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఆ పనీ ఆమెకే అప్పజెప్పారు.

ప్లంబరు వచ్చి, ట్యాంకర్లు నీళ్లు పోసే సంపు నుంచి పైపు ఎటు పోతుందని అడిగాడు. ఎవరికీ తెలియదు. స్ఫూర్తి చున్నీ నెత్తిన కప్పుకుని, మే నెల ఎండలో, సెట్ల వెనక ఒక్కో ఇనుప మూతా ఎత్తించడం మొదలుపెట్టింది.