రెండు బిందెల కూలి

చేనుగట్టు మీద పడుకోబెట్టిన బిడ్డ ఏడిస్తే, ఇరవై రోజుల బాలింత రూబీ మిరపకాయలు కోస్తున్నదల్లా పరుగెత్తింది. చేతులు కడుక్కోడానికి చెంబెడు నీళ్లడిగింది. తాగే నీళ్లు చేతులకు పొయ్యొద్దని ఆసామి ఆర్డరంటూ ముఠా మేస్త్రి దేవమణి కసురుకుంది. రూబీ చేతులు కొంగుకు తుడుచుకుని పాలిచ్చింది. కాయల ఘాటు అంటిన ఆ వేళ్లు బిడ్డ కళ్లకు తగిలాయి. గుక్కపట్టిన ఆ ఏడుపు దేవమణి దాకా వినిపించింది. తప్పు తనదేనని ఆమెకు తెలుసు.

ఊరి చివర వాళ్ల పేటలో పంచాయతీ బోరు ఎండి రెండు నెలలైంది. ఇక మిగిలింది ఆసామి హరిచరణ్ బోరే. ఆయన చేలో కోతకొచ్చిన ఇంటికి సాయంత్రం రెండు బిందెలు, రాని ఇంటికి చుక్క లేదు. పక్క ఊళ్లో ఎక్కువ కూలి ఇస్తామన్నా, పురుడు పోసుకుని మంచంలో ఉన్నా, గొంతు తడవాలంటే అక్కడికే రావాలి. అంత ధర్మాత్ముడు మరి.

జగ్గయ్యపేట ఆస్పత్రిలో బిడ్డ కళ్లు తెరవడానికి మూడు రోజులు పట్టింది. ఆదివారం ప్రార్థనయ్యాక ఆడవాళ్లు చర్చి అరుగు మీదే వాదులాడుకున్నారు. కోత మానేస్తే పిల్లలకు నీళ్లెవరిస్తారని ముసలి పుల్లమ్మ నిలదీసింది.

"బోరు ఆయనదే అత్తా. మన చేతులు పడకపోతే కాయ చెట్టునే ఎండుద్ది. పేటంతటికీ నీళ్లొదిలేదాకా కాయ ముట్టొద్దు. ఇన్నాళ్లూ మిమ్మల్ని తోలుకెళ్లింది నేనే, ముందు నన్ను తిట్టండి," అంది దేవమణి.

పుల్లమ్మ తనివితీరా తిట్టింది. తిట్టి, సరేనంది.

మర్నాడు అరవై మంది హరిచరణ్ బోరు చుట్టూ కూర్చున్నారు. పేటలో కుంటనీళ్లు వడగట్టి తాగిన ఇద్దరు పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. అయినా ఎవరూ లేవలేదు. మూడో రోజు పోలీసు జీపు వచ్చింది. రెండు నెలల నుంచి ఒక్క ట్యాంకరు పంపలేని సర్కారుకు, హరిచరణ్ ఒక్క ఫోను చేస్తే పోలీసులు దొరికారు. దేవమణిని ఎక్కించుకున్నారు.

ఇరుకు దారిలో, గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణ నుంచి కోతకొస్తున్న కూలీల లారీ ఎదురొచ్చి జీపు ఆగింది. మన నోటి దగ్గర కూడు లాక్కోడానికొచ్చారని దేవమణికి ఒళ్లు మండింది. అంతలో చూసింది, లారీలో ప్రతి ఆడమనిషి ఒళ్లోనూ ఖాళీ బిందెలే.

"మీకూ నీళ్లిస్తానన్నాడా?" అని జీపులోంచి తల బయటపెట్టి అడిగింది.

"రెండు బిందెలిస్తనన్నడక్కా. మా ఊళ్లె బోర్లన్నీ ఎండినయ్," అంది ఓ పెద్దామె.

"మాకూ అదే చెప్పాడు. మావాళ్లు అరవై మంది నాలుక పిడచగట్టి కూర్చున్నారక్కడ. వాళ్లని దాటుకెళ్లి కోస్తారా?"

కానిస్టేబుల్ ఆమెను లోపలికి నెట్టాడు. జీపు కదిలింది. వెనక లారీ డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆడవాళ్లు మాత్రం బిందెలు పట్టుకుని దిగిపోతున్నారు.

"ఆ కూసున్నోళ్లు ఏడున్నరక్కా?" అని అరిచింది పెద్దామె.

దేవమణి జీపులోంచి చెయ్యి బయటపెట్టి బోరు వైపు చూపించింది.