తలుపులు ఊడదీసిన చలికాలం

నేను ఒక పాత భవనాన్ని. పుట్టింది మాత్రం క్షయరోగుల శానిటోరియంగా. పోలండ్‌లో పైన్ చెట్ల మధ్య, యూదు దర్జీలూ చెప్పులు కుట్టేవాళ్లూ చందాలు వేసుకుని నన్ను కట్టించారు. మంచి గాలే మందని డాక్టర్లు చెప్పడంతో గదులకన్నా వరండాలే ఎక్కువ పెట్టారు. రోగులు వాటిలో పడుకుని, దగ్గుతూనే రాజకీయాలు వాదించుకునేవారు.

“మాటలు తగ్గించండయ్యా, ఊపిరి మిగలదు,” అని నర్సు ఫ్రూమా కసిరేది. రెండు నిమిషాలు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టేవారు.

యుద్ధం వచ్చింది. ఒక ఉదయం జర్మన్ సైనికులు లారీలతో వచ్చి, నడవలేనివాళ్లతో సహా అందరినీ ఎక్కించుకుపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. మందుల కోసం పట్నం వెళ్లిన ఫ్రూమా ఒక్కతే మిగిలింది. తర్వాత ఆ సైనికులే నాలో మకాం పెట్టారు. గాలి బాగుందని వాళ్లూ మెచ్చుకున్నారు.

యుద్ధం ముగిశాక నన్ను అనాథ పిల్లలకు ఇచ్చారు. వాళ్లను చూసుకోవడానికి ఫ్రూమా తిరిగొచ్చింది. పిల్లలేమో లోపల పడుకోమంటే వినరు. జర్మన్ల కంటపడకుండా ఏళ్లతరబడి అటకల మీదా నేలమాళిగల్లోనూ దాక్కుని బతికినవాళ్లు. తలుపు మూసిన చప్పుడైతే చాలు, వరండాలోకి పరుగెత్తేవారు. ఫ్రూమా వడ్రంగిని పిలిపించి గదుల తలుపులన్నీ ఊడదీయించింది.

ఆశ్రమం పెద్ద జేలిగ్ మండిపడ్డాడు. “మతిపోయిందా ఫ్రూమా? చలికి పిల్లలకేమైనా అయితే ఎవరిది పూచీ?”

“నాదే. చలికైతే దుప్పటి కప్పుతానండీ. భయానికేం కప్పమంటారు?”

ఆ ఏడు మంచు తిన్నగా గదుల్లోకే కొట్టింది. ఇద్దరికి జ్వరం వచ్చింది. ఫ్రూమా పొయ్యి ఆరనివ్వలేదు. తప్పు చేశానేమోనని మంచాల మధ్య తిరుగుతూనే ఉండేది. చివరికి ఒక మధ్యాహ్నం ఆరేళ్ల గిట్లా దుప్పట్లోంచి ముఖం బయటపెట్టింది.

“అక్కా, చలేస్తోంది. మా గదికి తలుపు పెట్టించవా?”

ఫ్రూమా అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, వడ్రంగి కోసం తనే పరుగెత్తింది.

పిల్లలు తలో దేశం పట్టిపోయారు. గిట్లాను వెంటబెట్టుకుని ఫ్రూమా కూడా ఓడెక్కింది. ఆపైన నేను కుట్టుపని బడినయ్యాను, ఫైళ్ల గోదామునయ్యాను, పదేళ్లు తాళం వేసిన కొంపనయ్యాను. వచ్చిన ప్రతివాళ్లూ సున్నం కొట్టి, నేను నిన్ననే పుట్టినట్టు కొత్త బోర్డు తగిలించారు.

ఇప్పుడు హోటలు చేస్తారట. టేపుతో కొలవడానికి వచ్చినావిడ, “ఇదివరకు ఇక్కడెవరుండేవారు?” అని అడిగింది.

“ఎవరో జబ్బు మనుషులటండీ. ఎప్పటి మాటో, మనకెందుకు?” అన్నాడు నన్ను అమ్మేవాడు.

ఆవిడ తలూపి పక్క గోడకు టేపు ఆనించింది.

రోగులూ సైనికులూ పిల్లలూ పడుకోవడానికే నా దగ్గరికి వచ్చారు. ఇకపై వచ్చేవాళ్లూ అందుకే వస్తారు. నాకు మాత్రం ఇన్నేళ్లుగా కునుకు లేదు.