పై పైపు మోసే బరువు

పదిహేడో పైపు పైకొచ్చేసరికి శివయ్య చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆగిపోయిన మోటరును పైకి తీయడానికి సాయగాడు మల్లేశ్వర్ చైను లాగుతుంటే, శివయ్య బోరు మూతి దగ్గర గొంతుక్కూర్చుని కింది పైపుకు క్లాంపు బిగించి, పైదాని మర విప్పుతున్నాడు. అరవై రెండేళ్ల పొట్టి మనిషి. కుడి చూపుడువేలికి గోరు లేదు, పాతికేళ్ల కిందట క్లాంపు కొరికేసింది. లేచి నిలబడితే మోకాళ్లు టకటకమంటాయి. అయినా పైపు మీద చెయ్యి వేశాడంటే, కింద మోటరు నీళ్లలో ఉందో బురదలో ఉందో చెప్పేస్తాడు. శంషాబాద్ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని బోరు లేదనేవారు.

రెండు వారాల కిందటి వరకు. రావిర్యాలలో ముత్తయ్య బోరులో తొమ్మిది వందల అడుగులకు దించిన మోటరు పైపులతో సహా పాతాళానికి పోయింది. శివయ్య ముసలోడయ్యాడు, చెయ్యి జారిందని ముత్తయ్య ఊరూరా చెప్పాడు. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం గదా! మోటర్లు టపటపా కాలిపోయే నడి వేసవిలో, శివయ్య పద్నాలుగు రోజులు అరుగు మీద ఖాళీగా కూర్చున్నాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి పిలుపు జల్‌పల్లిలోని ఈ టీచరమ్మ ఇంటి నుంచే. ఊరికి కొత్త కాబట్టి ముత్తయ్య మాట ఇంకా ఆమె చెవిన పడలేదనుకున్నాడు.

టీచరమ్మ పేరు షెకీనా. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. పొద్దుటి నుంచి వరండాలో కూర్చుని కాగితాలు రాస్తూ కొట్టేస్తూ ఉంది. చాయ్ తెచ్చి ఇచ్చినప్పుడు శివయ్యే అడిగాడు.

"ఏం రాస్తున్నవు బిడ్డా, గంత పరేషాన్‌గ?"

"పిల్లల పత్రికకు బాపు. భూమి నుంచి ఆకాశం దాకా తాడు కట్టి దాని మీద లిఫ్టు నడపొచ్చా, నడిపితే ఎంతయితది అని."

నెత్తి మీద విమానం ఒకటి పొట్ట చూపించుకుంటూ ఎయిర్‌పోర్టు వైపు దిగిపోయింది. "గివి సాలవా?" అన్నాడు శివయ్య.

"గివి పోయేది పది పన్నెండు కిలోమీటర్లే. ఇది ముప్పై ఆరు వేల మీదికి. ఇప్పుడు రాకెట్ల కిలో సామాను పంపాల్నంటే పది లచ్చల దాకా అయితది. లిఫ్టుంటే పది పన్నెండు వేలల్ల పోతదంటున్నరు. కట్టనీకి మాత్రం యాభై వేల కోట్లట, అదీ తక్కువల తక్కువ."

ఇంకెవరైనా అయితే యాభై వేల కోట్ల దగ్గర నోరు తెరిచేవారు. శివయ్య మనసు తాడు దగ్గరే ఆగింది.

"తాడు మీదికెల్లి ఏలాడుతది గదా? మొత్తం ఒక్కటే మందం పెట్టిన్రనుకో, తెగుతది."

షెకీనా కలం ఆగింది. "నీకెట్ల తెలుసు బాపు?"

"అడుగు పైపు మోసేది మోటరొక్కదాన్నే. దాని మీదిది మోటరును, అడుగు పైపును మోస్తది. గట్ల ఎక్కుకుంట వస్తే అన్నిటి బరువు పడేది మీది పైపు మీదనే. అందుకే మీద మందపు పైపులు ఎయ్యాలె, కిందికి పోంగ పోంగ పలుచటియి."

ఆమె కాగితం ఇటు తిప్పి చూపించింది. ఆమె గీసిన తాడు కూడా అలాగే ఉంది. పైన లావు, భూమికి దిగేకొద్దీ సన్నం. "ఇనుముతోటి అయితే గిట్ల చేసినా ఆగదు బాపు. తేలికగ ఉండాలె, ఇనుముకన్న ఎన్నో రెట్లు గట్టిగ ఉండాలె. అసొంటిది ల్యాబుల్ల జానెడు పొడుగు చేసుడే కష్టమైతున్నది. ఇప్పుడయితే కాదు అనే రాస్తున్న."

శివయ్య ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత ముత్తయ్య సంగతి తనే చెప్పాడు. "గీ మాటే చెప్పిన బిడ్డా. ఏ పైపయితే ఏందని మొత్తం పలుచటియే తెచ్చిండు."

"ఎక్కడ తెగింది?"

"మీదికెల్లి రెండోది. ఇరిగిన తునక క్లాంపులనే ఉండె."

"చెయ్యి జారితే తునక క్లాంపుల ఎట్లుంటది? మొత్తం పోవాలె గదా!"

పద్నాలుగు రోజుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. శివయ్య కూడా ఎవరికీ చెప్పుకోలేదు. తన తప్పు తనకు తెలుసు కాబట్టి నోరు లేవలేదు.

షెకీనా నంబరు అడిగి తనే ముత్తయ్యకు ఫోన్ చేసింది. పావుగంట చెప్పింది. ఆకాశం తాడు దగ్గర మొదలుపెట్టి రావిర్యాల బోరులోకి దిగింది. "యాభై వేల కోట్ల తాడుకు కూడ శివయ్య చెప్పిన లెక్కనే" అంది. చివరికి ఫోన్ శివయ్య చేతికిచ్చింది.

"ముత్తయ్యా, నాదీ తప్పున్నది" అన్నాడు శివయ్య. "పలుచటియని తెలిసీ దించిన. ఆ దినం నీ కూలి వద్దని లేచిపోవాల్సింది."

"కొత్త బోరేసిన శివయ్యా" అన్నాడు ముత్తయ్య. "రేపు మోటరు దించాలె. పైపులు నువ్వు చెప్పినయే ముందుగాల మీ ఇంటికి తెస్త. నువ్వు సూసి సరే అన్నంకనే పొలంకాడికి. ఊర్ల నేనే చెప్పుకుంట."

సాయంత్రానికి మోటరు మళ్లీ దించాక జల్‌పల్లి బోరు ముందు ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత తేటబడింది. శివయ్య దోసిలి పట్టి ముఖం కడుక్కున్నాడు. "నలభై ఏండ్లసంది చేస్తున్న. నా పని కాయితం మీద సూసుడు ఇదే మొదలు. నీ కడుపు సల్లగుండ బిడ్డా" అన్నాడు.

ఇంటికెళ్లి భారతమ్మకు ఆకాశం లిఫ్టు గురించి చెప్పాడు. "యాభై వేల కోట్లా! నీకు చెప్పే కడుతరు తియ్యి" అని భార్య నవ్వింది. ఆయనా నవ్వాడు. చాలా రోజులకు ఇష్టంగా మూడు రొట్టెలు తిని వాకిట్లో మంచమేసుకున్నాడు. తెల్లారి భారతమ్మ చాయ్ పట్టుకొచ్చి ఎంత పిలిచినా శివయ్య లేవలేదు. ముఖంలో మాత్రం ఏ నొప్పీ లేదు.

సంగతి తెలియని ముత్తయ్య మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో పైపులేసుకుని వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి నెత్తి మీది తువ్వాల తీసేశాడు. శివయ్య కాళ్ల దగ్గర కూలబడి, వచ్చినవాళ్లందరూ వినేలా చెప్పాడు. "ఈయన చెయ్యి జారలే. తప్పుడు పైపులు తెచ్చింది నేను." పాడె మోసేటప్పుడు ముందు కొమ్ము ఆయనే పట్టాడు.

దినాలయ్యాక తీసుకుపోతానని దించిన పైపులు గోడ పొడుగునా పడి ఉన్నాయి. పక్కకు విడిగా పెట్టిన మందపాటి వాటి మీద, ముత్తయ్య సుద్దముక్కతో వంకరగా రాసుకొచ్చిన మాట: "మీదికి".