ఎనిమిది పింగులు

పొద్దున్నే ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన అన్నాడు: "ఇవాళ కాస్త తొందరగా వచ్చెయ్. నీ పనేముంది, రొద తుడవడమే కదా."

రెండో చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆగింది. చొక్కా కాలలేదు. పదకొండేళ్లలో ఒక్క చొక్కా కాల్చలేదు నేను. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. కాల్చి ఉంటే గమనించేవాళ్లు.

నా పని రొద తుడవడమే, అబద్ధం కాదు. సోనార్ నీళ్లలోకి ఒక కూత పంపుతుంది. దాన్ని పింగ్ అంటాం. అది దేనికైనా తగిలి తిరిగొస్తే అక్కడ ఏదో ఉన్నట్టు. చిక్కేమిటంటే అడుగున ఇసుక, రాళ్లు, పైన అలలు, అన్నీ తలా ఒక మాట తిరిగి అంటాయి. మనం వెతికే వస్తువు గొంతు ఆ గోలలో మునిగిపోతుంది. ఇంకా గట్టిగా కూస్తే గోల కూడా అంతే గట్టిగా వస్తుంది. ఈ ముక్క మా సెక్షన్‌లో ఆరుగురు మగవాళ్లకు తలకెక్కడానికి రెండేళ్లు పట్టింది. నాకు పట్టలేదు. అరిస్తే ఏమవుతుందో నేను ఇంట్లో చూసే ఉన్నాను. ఆఫీసులో నన్ను చీపురు అంటారు. ఎదురుగా కాదు, టీ దగ్గర.

ఇవాళ పరీక్ష. నౌక కెప్టెన్ డైవర్ల చేత రేవు నీళ్ల అడుగున ఒక ఇనప పీపా పెట్టించాడు. ఎక్కడో ఆయనకూ ఆ డైవర్లకూ తప్ప తెలియదు. ఎవరి పద్ధతి దాన్ని పట్టిస్తే వాళ్లు పది రోజులు నౌకతో సముద్రం మీదికి వెళ్తారు. ఆరేళ్లుగా నేను సముద్రాన్ని తెర మీద గీతల్లోనే చూస్తున్నాను. నాకు వెళ్లాలని ఉంది. ఈ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే అది సాయంత్రానికల్లా అత్తగారి మోకాలి నొప్పిగా మారుతుంది.

మా సెక్షన్ హెడ్ పద్ధతి వేరు. ముందు పింగుల్లో వచ్చినదంతా గుర్తుపెట్టుకుని, మారకుండా ఉన్నదాన్ని తీసేస్తుంది. కదిలేదొక్కటే మిగులుతుంది. నెల రోజులు పడవ వెనక ఇనప బంతి కట్టి లాగించి పరీక్షించాడు. ప్రతిసారీ దొరికింది. "అడుగున కదలకుండా పడుంటే?" అని అడిగాను. "కదలనిదాంతో మనకేం భయమమ్మా?" అన్నాడు. ఐదుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. ఒకేచోట ఉన్నదాన్ని లెక్కలోంచి తీసేయడం నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో మా ఆయన "ఇదంతా నువ్వే సర్దావా?" అని అడిగేవాడు. తర్వాత్తర్వాత ఇల్లు తనంతట తానే సర్దుకుంటుందని నమ్మాడు. ఒకసారి నాకు జ్వరమొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. రెండో రోజు వచ్చి, "ఇంట్లో ఏదో వాసనొస్తోందేంటి?" అన్నాడు. మంచం మీద మనిషి ఉందని అప్పటికీ అతనికి కనిపించలేదు.

నా పద్ధతి మా అత్తగారి దగ్గర దొరికింది. పక్కింటావిడ అడిగితే "మా కోడలు బంగారం" అంటుంది. కొడుకు అడిగితే "ఆవిడకి ఒళ్లెక్కడ వంగుతుంది" అంటుంది. ఆడపడుచు ఫోన్‌లో అడిగితే ఒక నిట్టూర్పు, అంతే. అడిగే గొంతును బట్టి జవాబు. మామగారు అలా కాదు. ఎవరు అడిగినా, ఎలా అడిగినా, "నాకేం తెలుసు" అంటాడు. నీటి అడుగు కూడా ఇంతే. కూత శ్రుతి కాస్త మారిస్తే ఇసుక గోల తీరు మారిపోతుంది. గట్టి ఇనుము మాత్రం ఉన్నచోటి నుంచే, ప్రతి కూతకూ జవాబిస్తుంది. ఇసుక మా అత్తగారు, పీపా మా మామగారు. ఎనిమిది రకాల గొంతులతో ఎనిమిది పింగులు పంపి, ఎనిమిదిసార్లూ ఒకేచోట వచ్చిన జవాబును మాత్రం ఉంచాలి. ఇది కాయితం మీద పెట్టి ఏడాదయింది. హెడ్ ఆ కాయితం మీద టీ కప్పు పెట్టుకునేవాడు.

రేవు చివర నీళ్ల మీద తేలే పంటు, అంటే పెద్ద బల్లకట్టు, దాని మీద మా రేకుల గది. హెడ్ మొదలుపెట్టాడు. పది పింగులయ్యేసరికి తెర తళతళలాడింది. ఒక్క మరక లేదు. మావాళ్లు చప్పట్లు కొట్టారు.

కెప్టెన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "బాగుంది. పీపా ఏది?"

"లేదు సార్. మమ్మల్ని పరీక్షిద్దామని మీరు వెయ్యలేదు," అన్నాడు హెడ్, తెలివిగా నవ్వుతూ.

"వేశాను. దింపుతుంటే దగ్గరుండి చూశాను."

"అయితే కొట్టుకుపోయుంటుంది సార్."

"సిమెంటు నింపిన పీపానా?"

హెడ్ పింగ్ శక్తి పెంచమన్నాడు. పెంచారు. తెర ఇంకా శుభ్రమైంది. పన్నెండున్నరకు అందరూ భోజనానికి లేచారు. అప్పుడు హెడ్ నాతో, "నీదేదో ఉందన్నావుగా, మేం తినొచ్చేలోగా చూసుకో. సామాను పాడు చెయ్యకు," అన్నాడు.

కెప్టెన్ భోజనానికి వెళ్లలేదు. గోడ పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

నేను శక్తిని నాలుగో వంతుకు తగ్గించాను. ఆయన కనుబొమలు లేచాయి. మొదటి పింగ్‌కు తెరంతా చీమల పుట్ట. రెండో దానికీ చీమలే, కానీ వేరే చోట్ల. మూడు, నాలుగు, ఐదు. ఆగి, చేతులు చీరకు తుడుచుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. ఎనిమిదింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, అన్నింటిలోనూ ఉన్నదాన్ని ఉంచమన్నాను. చీమలు పోయాయి. ఎడమ పక్కన ఒక్క చుక్క మిగిలింది. దూరం కొలిచాను.

"మూడు వందల నలభై మీటర్లు," అన్నాను. "అడుగునే ఉంది. కదల్లేదు."

ఆయన జేబులోంచి మడిచిన కాయితం తీసి చూసి నాకిచ్చాడు. మూడు వందల ముప్పై ఎనిమిది అని రాసుంది.

భోజనం చేసి వచ్చినవాళ్లు తెర చూసి గుమ్మంలోనే నిలబడ్డారు. హెడ్ ముందుగా తేరుకున్నాడు. "మన పద్ధతే సార్, చిన్న మార్పు చేయించాను."

"ఏం మార్పు?" అన్నాడు కెప్టెన్.

హెడ్ నావైపు చూశాడు. ఆరేళ్లలో మొదటిసారి నా జవాబు కోసం చూశాడు. నేను ఇవ్వలేదు.

"సోమవారం బయలుదేరతాం," అన్నాడు కెప్టెన్ నాతో. "వస్తారా?"

"ఆవిడకి ఇంట్లో పెద్దవాళ్లున్నారు సార్, కుదరదు," అన్నాడు హెడ్.

"వస్తాను," అన్నాను. "నివేదిక కూడా నేనే రాసి సంతకం పెడతాను."

"అంతే కదా మరి," అన్నాడు కెప్టెన్, టోపీ తీసుకుంటూ.

తొందరగా ఇంటికి వెళ్లలేదు. రేవు గోడ మీద కూర్చుని, ఎండ దిగేదాకా నీళ్లను చూశాను. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. వలలు ఎత్తుకెళ్లేవాళ్లు తిరిగి చూశారు, చూడనిచ్చాను.

ఇంట్లో ముగ్గురూ ముందుగదిలోనే ఉన్నారు. చెప్పాను. అత్తగారి చెయ్యి మోకాలి మీదికి వెళ్లింది. మా ఆయన టీవీ శబ్దం తగ్గించాడు.

"ఎవర్ని అడిగి ఒప్పుకున్నావ్?"

"అక్కడ ఇంకెవర్నీ అడగలేదు," అన్నాను. "నన్నే అడిగారు."